'ట' ఎక్కడ పెట్టాలి?

కనుమ నాటి మధ్యాహ్నం ధవళేశ్వరంలో ఒక ఇంటి అరుగు మీద జరిగిన గొడవ ఇది. గొడవ అంటున్నాను గానీ ఇద్దరూ గారెలు తింటూనే ఉన్నారు. ఆయన నా పాత సహోద్యోగి, ఒక దినపత్రిక డెస్కులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఆమె ఆయన చెల్లెలి కూతురు, హైదరాబాదులో పిల్లల పాఠాల యాప్ చేసే సంస్థలో రాతపని. వాళ్ల హైస్కూలు పూర్వవిద్యార్థులు సావనీరు వేస్తున్నారు. అందులోకి గోదావరి ఆనకట్ట మీద నాలుగు పేజీలు కావాలన్నారు. మేనకోడలు ఏఐ చేత రాయించి పంపింది. మావయ్య ఎర్ర బాల్‌పెన్నుతో దిద్దాడు. నేను రెండు వైపులా తలూపుతూ కూర్చున్నాను. డెస్కులో నేర్చిన విద్యల్లో నాకు మిగిలింది అదొక్కటే.

మేనకోడలు: నాలుగు నిమిషాల్లో వచ్చిన వ్యాసాన్ని మూడు రోజులు దిద్దావా మావయ్యా? దానికంటే నువ్వే రాసుకుంటే పోయేది కదా.

మావయ్య: నేననేదీ అదేనమ్మా. నేను రాసుంటే ఒక్క రోజు పని. తెలిసింది రాస్తాను, తెలియని చోట కలం ఆగుతుంది. ఇది ఎక్కడా ఆగలేదు. పేర్లు, తేదీలు, అంకెలు అన్నీ కలిపి ఇందులో 41 ఉన్నాయి. ప్రతి ఒక్కటీ వెతికాను.

మేనకోడలు: తప్పులెన్ని?

మావయ్య: ఏడు.

మేనకోడలు: 41లో ఏడేనా! మీ మండలం కంట్రిబ్యూటర్లు పంపే కాపీలో ఇంతకంటే తక్కువ ఉండేవా?

మావయ్య: లెక్క అలా కాదు. ఆ ఏడు పట్టుకోడానికి 41 వెతకాల్సి వచ్చింది. ఒప్పులకీ అంతే టైము పట్టింది. ఆనకట్ట కట్టించిన కాటన్ 1803లో పుట్టాడు, 1899లో పోయాడు అని రాసింది. రెండూ ఒప్పే. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసిందంది. అదీ ఒప్పే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలూ వరసగా చెప్పింది. శభాష్ అనుకున్నాను. ఆ వెంటనే, ఇవాళ మనం బస్సులో దాటే బ్యారేజీ కూడా కాటన్ కట్టించిందే అనేసింది. ఈ బ్యారేజీ పూర్తయింది 1982లో. కాటన్ పేరు పెట్టారు గానీ కాటన్ కట్టింది కాదు. ఒప్పు రాసినప్పుడూ తప్పు రాసినప్పుడూ ఒకటే గొంతు. దాంతోనే వచ్చింది చిక్కంతా.

మేనకోడలు: మనుషులూ అంతేగా. అబద్ధం చెప్పేవాడు గొంతు తగ్గించుకుంటాడా?

మావయ్య: వేరే రకంగా దొరికిపోతాడు. కాపీ రాసే కుర్రాడికి తేదీ తెలియకపోతే 'తేదీ చూసి వేయగలరు' అని ఖాళీ వదిలేవాడు. లేకపోతే 'సుమారు' అని రాసేవాడు. అదీ లేకపోతే సంఘటన జరిగిన ఊరు గురించి రెండు ముక్కలు రాసి, ముఖ్యఅతిథి గురించి ఇరవై లైన్లు రాసేవాడు. ఊరు వెళ్లలేదని నాకు అర్థమయ్యేది. ఎవడి కాపీ ఎక్కడ పలచనో చేతికి తెలిసేది, పాలు పలచనైతే వేలికి తెలిసినట్టు. దీని రాత అంతా ఒకే చిక్కన. ఎక్కడ నొక్కి చూడాలో తెలియదు.

మేనకోడలు: సరే, మిగతా తప్పులు చెప్పు.

మావయ్య: నందన కరువు 1876లో వచ్చిందని రాసింది. దీనికి ఏ పుస్తకమూ తెరవక్కర్లేదు. మొన్న నందన నామ సంవత్సరం ఎప్పుడు వచ్చింది? 2012 ఉగాదికి. అరవై తీసెయ్, 1952. ఇంకో అరవై, 1892. ఇంకో అరవై, 1832. గుంటూరు సీమ ఎండిపోయిన 1832–33 అది. 1876 ధాత. ఆ ఏడు వచ్చిన కరువు వేరు, మద్రాసు రాజధానిలో చాలా జిల్లాల్ని ఊడ్చేసింది. రెండు కరువుల్ని ఒకదాన్ని చేసి, పేరు ఒకదానిదీ తేదీ ఇంకోదానిదీ పెట్టింది.

మేనకోడలు: (వేళ్ల మీద లెక్కపెట్టుకుని) ఇది మాత్రం బాగుంది మావయ్యా. నాకు సంవత్సరాల పేర్లు వరసగా రావు.

మావయ్య: దానికి వరసగా వచ్చు. అడిగి చూడు, ప్రభవ నుంచి అక్షయ దాకా అప్పజెబుతుంది. అప్పజెప్పడం వచ్చు గానీ ఇక్కడ వాడాలని తట్టలేదు.

మేనకోడలు: తట్టడమనేది దానికుండదు. తరవాత వచ్చే ముక్క ఏది అయ్యుండొచ్చో చూసి పేర్చుకుంటూ పోతుంది. కరువు, గోదావరి, కాటన్ అన్న మాటలు కలిసి వచ్చిన చోట ఏ అంకె ఎక్కువగా కనబడిందో దాన్ని వేస్తుంది. ఇంకో సంగతి చెబుతాను. ఈ కల్పనలెందుకు వస్తున్నాయని, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ వాళ్లే 2025 సెప్టెంబరులో ఒక పరిశోధన పత్రం రాశారు. మేం ఎంసెట్ ఎలా రాశాం? నెగెటివ్ మార్కులు లేవు. బెల్లు కొట్టే ముందు మిగిలిన బబుళ్లన్నీ కళ్లు మూసుకుని దిద్దేశాం. ఖాళీ వదిలితే సున్నా, గుడ్డిగా దిద్దితే నాలుగింట ఒకటి తగలొచ్చు. ఈ మోడళ్లకి పెట్టే పరీక్షలూ చాలావరకు అలాంటివే. 'తెలియదు' అంటే సున్నా. ఊహించి చెబితే ఒక్కోసారి మార్కు. అలా పెంచి, ఇప్పుడు అబద్ధాలాడుతోంది అంటే ఎలా?

మావయ్య: పెంపకం బాగోలేదంటావు.

మేనకోడలు: అంతే. అయినా ఇప్పుడు చాలావాటికి వెతికే సదుపాయం ఉంది. వాక్యం పక్కన లింకు ఇస్తుంది. నీకు పంపినదాంట్లో కూడా ఉన్నాయి కదా.

మావయ్య: ఉన్నాయి. అన్నీ నొక్కాను. ఒక లింకు తెరిస్తే కృష్ణ ఆనకట్ట గురించి ఉంది. బెజవాడది, 1852లో మొదలుపెట్టి 1855కి ముగించినది. పేజీ నిజమైనదే, అందులో రాసినదీ నిజమే, మన వాక్యానికి దానితో సంబంధం లేదు. లింకు చూడగానే జనం ఆగిపోతారు. పెళ్లి సంబంధం చెప్పేవాడు జేబులోంచి కాగితం తీసి 'జాతకం ఇదుగో' అంటాడు చూడు, అలాగ. అది పెళ్లికొడుకు జాతకమేనా అని విప్పి చూసేదెవరు?

(ఇక్కడ రెండో వాయి గారెలు వచ్చాయి. కాసేపు సంభాషణ పచ్చడి మీదకి మళ్లింది. అది రాయను.)

మావయ్య: అసలు దానికి వస్తాను. మూడో పేజీలో ఒక ఉత్తరం ఉంది. కాటన్ మద్రాసు ప్రభుత్వానికి రాశాడని, తేదీతో సహా. ఎంత బాగుందో! నది ఒడ్డున నిలబడి సముద్రంలోకి పోయే నీళ్లు చూస్తున్న మనిషి రాసినట్టే ఉంది. కింద పుస్తకం పేరు, పేజీ నంబరు. మూడు రోజుల్లో రెండు రోజులు దానికే పోయాయి. గౌతమీ గ్రంథాలయానికి వెళ్లాను. కాటన్ మ్యూజియంలో అడిగాను. నెట్‌లో వెతికాను. ఆ పుస్తకం లేదు. ఉత్తరం లేదు.

మేనకోడలు: లేదా, దొరకలేదా?

మావయ్య: (కాస్త ఆగి) అదే నన్ను చంపుతున్న ప్రశ్న. ఉందని చూపించాలంటే ఒక్క పేజీ చాలు. లేదని చూపించాలంటే ఎన్ని బీరువాలు తెరవాలి? లండన్‌లో ఏదో గదిలో ఏదో కట్టలో ఉండొచ్చు కదా అని ఎవడైనా అంటే నా దగ్గర జవాబు లేదు. అది రాసింది అరనిమిషంలో. నేను జన్మంతా వెతికినా 'లేదు' అని సంతకం పెట్టలేను.

మేనకోడలు: తెలుగులో ఇంకా కష్టం. ఇంగ్లిష్ వాక్యం ఒకటి కొటేషన్లలో పెట్టి వెతికితే పాత పుస్తకాల లోపలికి కూడా వెళ్లొచ్చు. మన పాత పుస్తకాలు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు వేలకి వేలు స్కాన్ చేశారు గానీ ఎక్కువభాగం ఫొటోలే. లోపలి మాట వెతికితే రాదు. పుస్తకాల పేర్లు కూడా ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. ఉన్న పుస్తకమే లేనట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు లేనిది లేదని ఎలా తేలుతుంది?

(మేనకోడలు మావయ్యకి ఆయుధం అందించింది. ఈ తరం వాళ్లలో నాకు నచ్చే గుణం అది.)

మావయ్య: న్యూయార్క్‌లో తేల్చారు. 2023లో. విమానంలో వడ్డించే బండి మోకాలికి కొట్టుకుందని ఒకాయన ఏవియాంకా అనే కంపెనీ మీద కేసు వేశాడు. ఆయన వకీళ్లు పాత తీర్పులు ఉదహరిస్తూ కాగితం దాఖలు చేశారు. ఆరు తీర్పులు ఎదుటి వకీళ్లకి దొరకలేదు. జడ్జి కేస్టల్‌కీ దొరకలేదు. కోర్టు తీర్పులకి నంబర్లుంటాయి, రిజిస్టరుంటుంది కాబట్టి లేవని ఖాయంగా చెప్పగలిగారు. 5,000 డాలర్ల జరిమానా వేశాడు. ఏ జడ్జీల పేర్లతో ఆ దొంగ తీర్పులు పుట్టాయో వాళ్లందరికీ సంగతి ఉత్తరం రాసి తెలపమన్నాడు. అన్నిటికంటే నాకు నచ్చిందేమిటో తెలుసా? ఆ వకీళ్లలో ఒకాయనకి మధ్యలో అనుమానం వచ్చింది. వచ్చి, ఆ తీర్పులు అందించిన చాట్‌జీపీటీనే అడిగాడు, ఈ కేసు నిజమైనదేనా అని. నిజమే అంది.

మేనకోడలు: దొంగనే తాళం సరిగ్గా వేశావా అని అడిగినట్టు.

మావయ్య: మన కేరళ హైకోర్టు ఊరకే అనలేదు. 2025 జులైలో జిల్లా కోర్టులకి ఒక విధానం ఇచ్చింది. తీర్పు చెప్పడానికి, నిర్ణయానికి రావడానికి ఏఐని వాడకూడదని.

మేనకోడలు: వాడొద్దంటే మానేస్తారా? ఆస్ట్రేలియాలో డెలాయిట్ అంతటి సంస్థ ప్రభుత్వానికి 4,40,000 డాలర్ల నివేదిక ఇచ్చింది. అందులో కొన్ని ఎవరూ రాయని పుస్తకాలు, కోర్టు తీర్పులోంచి తీసుకున్నామన్న లేని వాక్యం. 2025 అక్టోబరులో కొంత డబ్బు వెనక్కివ్వడానికి ఒప్పుకున్నారు. చూశావా, పట్టుబడింది కదా. ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు.

మావయ్య: ఎలా పట్టుబడింది? సిడ్నీ విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపకుడు చదివాడు. తనకి తెలిసినవాళ్ల పేరు మీద తనెప్పుడూ వినని పుస్తకం కనబడింది. వాళ్లు అలాంటిది రాసుంటే తనకి తెలిసేదే. అదీ అనుమానం. యంత్రం పట్టుకోలేదు, ఆ సంగతి తెలిసిన మనిషి పట్టుకున్నాడు. గోదావరి డెల్టా సంగతి అలా తెలిసినవాళ్లు మనకి ఎంతమంది మిగిలారు? నందన ఎప్పుడో లెక్కకట్టేవాడు పోయాక ఆ 1876 అలాగే అచ్చయిపోతుంది. రేపు ఇంకో యంత్రం మన సావనీరు చదివి, 'సావనీరులో ఉంది' అంటుంది.

మేనకోడలు: మావయ్యా, ఇప్పుడు నా వంతు. నీ డెస్కు తప్పు ఒకటి చెప్పు.

మావయ్య: ఒకటేమిటి. బతికున్న మనిషిని చంపేశాను. రాత్రి పదకొండింటికి కంట్రిబ్యూటర్ ఫోను చేసి, ఫలానా స్వాతంత్ర్య సమరయోధుడు పోయాడన్నాడు. పేజీ వెళ్లిపోతోంది. వేశాను. పొద్దున్నే ఆ పెద్దాయన మనవడు పేపరు పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. పోయింది అదే ఇంటిపేరున్న ఇంకొకాయన. మర్నాడు సవరణ. కంట్రిబ్యూటర్ ఫోన్లో ఏడ్చాడు. నేను ఆ ఇంటికెళ్లి పెద్దాయన కాళ్లకి దణ్ణం పెట్టాను. ఆయన నవ్వి, 'చాలా బాగా రాశారండీ, కటింగు దాచుకున్నాను' అన్నాడు.

(ఆ రాత్రి నేనూ షిఫ్టులో ఉన్నాను. ఫోనెత్తింది నేను. ఇన్నేళ్లలో ఆయన ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇవాళా చెప్పలేదు.)

మేనకోడలు: మరి?

మావయ్య: మరేముంది! ఆ తప్పుకి చిరునామా ఉంది. ఎవరు చెప్పారు, ఎవరు విన్నారు, ఎందుకు పొరబడ్డారు, అన్నీ తెలుసు. ఆ తరవాత ఆ కంట్రిబ్యూటర్ ఇంటిపేర్లు రెండుసార్లు అడిగేవాడు. ఈ ఉత్తరం తప్పుకి చిరునామా ఏది? ఎవరింటికెళ్లి అడగను?

మేనకోడలు: చిరునామా ఉన్న తప్పు ఒకటి నేను చెప్పనా? ప్రతి ఏడూ ఆగస్టు 29న గిడుగు వారి పుట్టినరోజుకి నువ్వు భాష మీద వ్యాసం రాసేవాడివి. అమ్మ అన్నీ దాచింది. అన్నిట్లోనూ ఒక వాక్యం ఉంది. నికోలో కోంటీ అనే వెనిస్ యాత్రికుడు తెలుగుని 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అన్నాడని.

మావయ్య: అందరికీ తెలిసిందే కదా.

మేనకోడలు: కోంటీ సొంతంగా పుస్తకం రాయలేదు. పోపు దగ్గర కార్యదర్శిగా ఉన్న పోజ్జో, ఆయన చెప్పింది విని లాటిన్‌లో రాశాడు. అందులో ఏ పేజీలో ఉంది మావయ్యా ఈ మాట?

మావయ్య: ...

మేనకోడలు: చూశావా అని అడగడంలేదు. చూసినవాళ్లని ఒక్కరినైనా చూశావా?

మావయ్య: మా మాస్టారు చెప్పారు.

మేనకోడలు: ఆయనకి వాళ్ల మాస్టారు. నిన్న ఏఐని తెలుగు గురించి రెండు ముక్కలు రాయమన్నాను. మొదటి వాక్యమే కోంటీ. ఎక్కడ నేర్చుకుందనుకున్నావు? నువ్వూ నీలాంటివాళ్లూ రాసిన ఆగస్టు 29 వ్యాసాలన్నీ చదివే కదా. నీ వాక్యమే తిరుగు టపాలో నీకొచ్చింది. తరాలుగా ఎవరూ సరిచూడకుండా ఒకరి మీద ఒకరు భరోసాతో రాసుకుంటూ పోయారు. ఇప్పుడు ఇది వచ్చాక మొదటిసారి 41 సంగతులు వరసపెట్టి వెతికావు. సొంత వ్యాసం ఒక్కదాన్నైనా అలా వెతికావా? మూడు రోజులు పోయాయంటున్నావు. ముప్ఫై ఏళ్ల బాకీలో మూడు రోజులు తీరాయంటాను నేను.

(దీనికి జవాబు లేదని నాకు అనిపించింది. ఆయన గ్లాసులో నీళ్లు అయిపోయినా ఎత్తి తాగాడు.)

మావయ్య: ఒప్పుకుంటాను. నేను అక్కడ 'ట' పెట్టాల్సింది.

మేనకోడలు: ఏం పెట్టాల్సింది?

మావయ్య: 'ట'. మా అమ్మమ్మకి ఓనమాలు రావు. కానీ 'వచ్చాడు'కీ 'వచ్చాడట'కీ ఆవిడ ఏనాడూ పొరబడలేదు. కళ్లతో చూస్తే వచ్చాడు. ఎవరో చెబితే వచ్చాడట. చెప్పినవాడి మీద నమ్మకం చాలకపోతే 'వచ్చాడుట, ఏమో మరి'. చెప్పులు గుమ్మంలో కనబడితే 'వచ్చినట్టున్నాడు'. ఒక్క అక్షరంతో ఆ సంగతి తనకెలా తెలుసో చెప్పేసేది. ఇంగ్లిషులో అదే చెప్పడానికి విడిగా ఇంకో మాట కావాలి. నువ్వు పంపిన నాలుగు పేజీల్లో ఒక్క 'ట' లేదు. అన్నీ 'జరిగింది', 'నిర్మించారు', 'పేర్కొన్నారు'. కాటన్ పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డట్టు.

మేనకోడలు: ఆ 'ట'ని చంపింది ఏఐ కాదు, మీ పేపర్లే. 'తెలిసింది', 'సమాచారం', 'విశ్వసనీయ వర్గాల భోగట్టా' అని రాశారు. ఆ వర్గాలంటే ఎవరు? ఒక కానిస్టేబులు, ఒక టీకొట్టు.

మావయ్య: టీకొట్టే నయం.

మేనకోడలు: పైగా ఏఐ కూడా 'ట' పెడుతుంది. తెర అడుగున చూడు, ఇది పొరబడొచ్చు, ముఖ్యమైనవి సరిచూసుకోండి అని ఉంటుంది.

మావయ్య: మొత్తానికి కలిపి ఒకే 'ట'! వీధిలో ప్రతి గేటుకీ 'కుక్క ఉంది జాగ్రత్త' అని రాస్తే, ఏ ఇంట్లో కుక్క ఉందో నాకెలా తెలుస్తుందమ్మా? ఏ వాక్యానికి పెట్టాలో తెలియాలి. అది తెలియాలంటే ఈ వాక్యం తనకెక్కడిదో తెలియాలి. దానికి తెలియదు. కోంటీ విషయంలో నాకూ తెలియదు, సరే. కానీ నువ్వు అడగ్గానే మా మాస్టారు గుర్తొచ్చారు. ఎక్కడిదో వెనక్కి వెళ్లి చూసుకోగలిగాను.

మేనకోడలు: వెనక్కి వెళ్తే ఏం దొరికింది, మాస్టారేగా!

మావయ్య: మాస్టారే. ఆ తోవ అక్కడితో ఆగిందని తెలిసింది. అదీ తక్కువ కాదు.

మేనకోడలు: అయితే ఉత్తరం ఉంచేద్దాం. 'కాటన్ ఇలా రాశాడట' అందాం.

మావయ్య: కుదరదు. 'ట' అంటే ఎవరో ఒకరు చెప్పారని. దీన్ని ఎవరూ చెప్పలేదు. చెప్పినవాడు లేనిదానికి 'ట' పెడితే అది ఇంకో అబద్ధం.

ఇక్కడ ఆమె నా వైపు తిరిగింది. 'అంకుల్, మీరు చెప్పండి' అంది. ఉత్తరం తీసెయ్యమన్నాను. ఎందుకని అడిగితే, మరీ బాగుందమ్మా, అందుకని అన్నాను. డెస్కులో మా వాడుక అది. ఎంత వెతికినా ఎవరి నోటా దొరకని మంచి వాక్యాన్ని మేం ముందు అనుమానించేవాళ్లం. ఆమె మొహం చూస్తే ఒప్పుకున్నట్టు లేదు గానీ పెన్సిలు తీసుకుని ఆ పేరా అడ్డంగా కొట్టేసింది. మూడో పేజీలో అరచెయ్యంత ఖాళీ వచ్చింది. డీటీపీ కుర్రాడికి ఫోను చేస్తే, ఏదో ఒకటి సాయంత్రానికల్లా ఇవ్వండి, రేపు ప్లేటు వేస్తారన్నాడు.

మావయ్య లోపలికెళ్లి ఒక నోటుబుక్కు తెచ్చాడు. కాటన్‌కి అండగా నిలబడి ఆనకట్ట పని నడిపించిన వీణం వీరన్న మీద తను ఎప్పుడో రాసుకున్న పేరా అది. కూలీలను ఆయన ఎలా కూడగట్టాడో చెప్పే కథ. సరిగ్గా ఆ ఖాళీకి సరిపోతుంది. ఆమె చదివింది. రెండోసారి చదివింది. పెన్సిలు చెవి మీంచి తీసింది.

మేనకోడలు: బాగుంది మావయ్యా. మరీ బాగుంది. ఎక్కడిది?

మావయ్య: మా తాతయ్య చెప్పేవాడు.

మేనకోడలు: తాతయ్యకి?

ఆయన నోటుబుక్కు మూసి, మేకుకి తగిలించిన చొక్కా అందుకున్నాడు. స్కూటరు తాళం కోసం జేబులు తడుముకుంటుంటే, ఇవాళ కనుమ, గ్రంథాలయం తెరవరు అని గుర్తుచేశాను. అయితే రేపు పొద్దున్నే వెళ్తానన్నాడు. ఆమె అప్పటికే పేరా మొదటి వాక్యం చివర పెన్సిలుతో, తరవాత చెరిపెయ్యడానికి వీలుగా, సన్నగా ఒక 'ట' రాసింది.